లివర్ గట్టిపడితే బీపీ ఎందుకు పడిపోతుంది, కిడ్నీ ఉప్పు ఎందుకు దాచుకుంటుంది?

గజపతి_సిస్టర్ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు తెలుగు ఇళ్లలో సిర్రోసిస్ (లివర్ మచ్చపడి గట్టిపడే జబ్బు) వాళ్లకి మందుల చీటీ బరంపురంలోనో విశాఖలోనో రాస్తారు. ఇంటికొచ్చాక అనుమానాలు మాత్రం ఊళ్లో ఉన్న సిస్టర్‌నే అడుగుతారు. "మాకు తెలీదు, పెద్ద డాక్టర్‌ని అడగండి" అంటే మందు మానేస్తారు. అందుకే కారణం తెలిసి చెప్పాలని అడుగుతున్నాను.

కేసు ఇదీ. మగ మనిషి, 48 ఏళ్లు, బరువు 58 కిలోలు. మందు తాగడం వల్ల వచ్చిన సిర్రోసిస్, ఇప్పుడు తాగుడు మానేశారు. పొట్టలో నీరు, కాళ్ల వాపు ఉన్నాయి. బీపీ 96/60, నాడి 88. సోడియం 128, పొటాషియం 5.3, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. నీటి మాత్రలు స్పిరొనోలాక్టోన్ 100, ఫ్యూరోసమైడ్ 40, బీపీ మాత్ర కార్వెడిలాల్ 6.25 (అన్నీ మి.గ్రా.) నడుస్తున్నాయి.

బీపీ ఇంత తక్కువ ఉన్న మనిషికి బీపీ మాత్ర ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. పొట్టలో నీళ్లు కాబట్టి తాగే నీళ్లు ఆపేశారు, రోజుకి రెండు గ్లాసులే ఇస్తున్నారు. ఉప్పు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. పొద్దున్నే పఖాల (నీళ్లలో నానిన చద్దన్నం), నంజుకి ఎండు చేప. మోకాళ్ల నొప్పికి పోయిన వారం రెండు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు పడ్డాయి. రొమ్ముల దగ్గర గట్టిగా, నొప్పిగా ఉందని పాపం సిగ్గుపడుతూ చెప్పారు. అసలు లివర్ పాడైతే ఈ బీపీకి, కిడ్నీకి, రొమ్ముకి సంబంధం ఏమిటి? కాస్త మూలం నుంచి చెప్పండి.

బరంపురం_ఫార్మకాలజీ:

సిస్టర్ గారూ, మీరు అడిగినవాటిలో చాలావాటికి వేరు ఒక్కటే. సిర్రోసిస్‌లో రక్తనాళాలు ఒంట్లో అన్నిచోట్లా ఒకే తీరుగా చెడిపోవు. లివర్ లోపలివి బిగుసుకుంటాయి. పేగులకి వెళ్లేవి వదులైపోతాయి. కిడ్నీవి మళ్లీ బిగుస్తాయి. ఇచ్చే మందు ఈ మూడింటిలో దేన్ని ముట్టుకుంటుందో తెలిస్తే చీటీ మొత్తం అర్థమవుతుంది.

లివర్‌తో మొదలుపెడదాం. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం దాని గుండా పోతుంది. అందులో ముప్పావు వంతు పేగులు, ప్లీహం నుంచి పోర్టల్ సిర తెచ్చేదే, మిగతాది ధమని తెస్తుంది. లోపలికి వచ్చాక రక్తం సైనుసాయిడ్లు అనే సన్నటి దారుల్లో పారుతుంది. ఆ దారి గోడ జల్లెడలాంటిది, చిల్లులుంటాయి. గోడ బయట స్టెల్లేట్ కణాలు విటమిన్ ఎ దాచుకుని, దారిని చేతులతో చుట్టుకున్నట్టు ఉంటాయి. మద్యం గానీ, హెపటైటిస్ బి, సి గానీ, కొవ్వు గానీ ఏళ్ల తరబడి దెబ్బతీస్తే ఈ కణాలు విటమిన్ ఎ పోగొట్టుకుని, మచ్చ కట్టే కొల్లాజెన్ పీచు నేస్తూ, కండరంలా ముడుచుకునే గుణం తెచ్చుకుంటాయి. జల్లెడ చిల్లులు మూసుకుపోతాయి. దారిని చుట్టుకున్న చేతులు దాన్నే పిసుకుతాయి.

చాలామంది ఇక్కడే ఒక మాట వదిలేస్తారు. లివర్‌లో రక్తానికి ఎదురయ్యే ఆటంకమంతా మచ్చ వల్లే కాదు. సుమారుగా 70 శాతం మచ్చది, 30 శాతం ఈ బిగింపుది. మచ్చని మాత్రతో కరిగించలేం, బిగింపుని మాత్రం కొంత సడలించవచ్చు. ఈ బిగింపుకి కారణం నాళం లోపలి పొర. మామూలుగా ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదిలి నాళాన్ని వదులుగా ఉంచుతుంది. ఆ వాయువు పని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ ఇచ్చారు. సిర్రోసిస్ లివర్‌లో దాన్ని తయారుచేసే ఎంజైమ్ ఉంటుంది గానీ, కేవియోలిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచడంతో పని చేయదు. అదే సమయంలో నాళాన్ని బిగించే ఎండోథెలిన్, యాంజియోటెన్సిన్, థ్రాంబాక్సేన్ పెరుగుతాయి. వదులు చేసేది తగ్గి, బిగించేది పెరిగింది.

పేగుల వైపు సరిగ్గా దీనికి తలకిందులు. పోర్టల్ సిరలో పీడనం పెరిగేకొద్దీ పేగుల ధమనుల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ని కుమ్మరిస్తుంది. పేగు గోడ నుంచి జారిపోయే బాక్టీరియా ముక్కలు దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. లివర్ విరిచెయ్యాల్సిన గ్లూకగాన్ అనే హార్మోన్ రక్తంలో ఎక్కువై అదీ పేగు నాళాలని తెరుస్తుంది. ఇంత నైట్రిక్ ఆక్సైడ్ మధ్య నోర్‌ఎడ్రినలిన్ వచ్చి "బిగుసుకో" అన్నా ఆ నాళాలు వినవు.

ఇప్పుడు కిడ్నీ సంగతి. వంశధార కాలువ కింద పొలమున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎగువ తూములన్నీ బార్లా తెరిచి ఉంటే శివారు పొలానికి చుక్క చేరదు. శివారు రైతు "నీళ్లు లేవు" అని మొరపెడతాడు. పైనుంచి ఇంకా నీళ్లు వదులుతారు. అవీ ఎగువ పొలాల్లోకే పోయి గట్లు తెగుతాయి. ఎగువ పొలాలు పేగులు, శివారు పొలం కిడ్నీ, తెగిన గట్టు పొట్టలో నీరు. ఒంట్లో నీరు ఎంతున్నా కిడ్నీ దగ్గరికి వచ్చే ధార తగ్గింది కాబట్టి దానికి కరువే. 1988లో ష్రయర్ బృందం చెప్పిన వివరణకి ప్రాణం ఇదే: ముందు ధమనులు వదులవుతాయి, ఉప్పు దాచుకోవడం దాని తర్వాత వస్తుంది.

ఆ మొర హార్మోన్ల రూపంలో ఉంటుంది. రెనిన్ పెరిగి యాంజియోటెన్సిన్ ద్వారా ఆల్డోస్టిరోన్‌ని పెంచుతుంది, అది ఉప్పుని పట్టి ఉంచుతుంది. పైగా ఆల్డోస్టిరోన్‌ని విరిచేది లివరే, ఆ పనీ మందగించింది. సింపథెటిక్ నరాలు గుండె వేగం పెంచుతాయి, అందుకే నాడి 88. జబ్బు ముదిరాక వాసోప్రెసిన్ కూడా పెరిగి నీటిని మాత్రమే పట్టి ఉంచుతుంది. అప్పుడు సోడియం పలచబడి 128కి దిగుతుంది. అది ఒంట్లో ఉప్పు తక్కువై కాదు, నీరు అంతకంటే ఎక్కువై. కాబట్టి సోడియం తక్కువుందని ఉప్పు పెంచితే నీరు ఇంకా పెరుగుతుంది.

డైక్లోఫెనాక్ గురించి గట్టిగానే చెప్పాలి. యాంజియోటెన్సిన్, నోర్‌ఎడ్రినలిన్ మాట పేగు నాళాలు వినవు గానీ కిడ్నీ నాళాలు బాగా వింటాయి, ముడుచుకుంటాయి. అవి పూర్తిగా మూసుకుపోకుండా కిడ్నీ సొంతంగా ప్రోస్టాగ్లాండిన్లు తయారు చేసుకుని ధార నిలబెట్టుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, కిటోరోలాక్ ఆ ప్రోస్టాగ్లాండిన్లనే ఆపేస్తాయి. ఆరోగ్యవంతుడికి ఏమీ కాని రెండు ఇంజెక్షన్లు ఈయన కిడ్నీని ఆపగలవు. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులదీ దగ్గరి కథే. కిడ్నీ వడపోత పీడనాన్ని యాంజియోటెన్సినే నిలబెడుతుంటే ఇవి దాన్ని లాగేస్తాయి. పొట్టలో నీరున్నవాళ్లకి ఇవి వద్దు. జెంటామైసిన్, ఎమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా వద్దు.

లివర్‌వార్డ్_విశాఖ:

పైన సార్ మూలం చెప్పారు కాబట్టి కార్వెడిలాల్ వరకు నేను చెప్తాను.

పోర్టల్ పీడనాన్ని హెచ్‌వీపీజీ అనే తేడాగా కొలుస్తారు. మెడ సిర నుంచి గొట్టం పంపి, లివర్ నుంచి రక్తం బయటికి తెచ్చే హెపాటిక్ సిరలో బుడగతో మూసినప్పటి పీడనంలోంచి మూయనప్పటి పీడనం తీసేస్తారు. మామూలు మనిషిలో 1 నుంచి 5 మి.మీ. పాదరసం. 10కి చేరితే పొట్టలో నీరు, అన్నవాహికలో ఉబ్బు సిరలు లాంటివి మొదలయ్యే దశ. 12 దాటితే ఆ సిరలు పగిలే ప్రమాదం. చికిత్సతో 12 లోపుకి గానీ, మొదటి కొలత కంటే 20 శాతం గానీ తగ్గితే రక్తస్రావం అవకాశం బాగా తగ్గుతుంది.

పీడనం అంటే ధార, ఆటంకం కలిసిందే. ఇదే జాతి పాత మందు ప్రొప్రనొలాల్ గుండె వేగం తగ్గించి ధార తగ్గిస్తుంది, నాళాలని వదులు చేసే బీటా-2 అనే తాళాన్ని కూడా మూసి పేగు నాళాలని కాస్త బిగిస్తుంది. అంటే ఎగువ తూము కొంత దించినట్టు. ఫ్రాన్స్‌లో లెబ్రెక్ బృందం 1980 నాటికే ఇది చూపించింది. కార్వెడిలాల్ అదంతా చేస్తూ నాళాలని బిగించే ఆల్ఫా-1 తాళాన్ని కూడా మూస్తుంది కాబట్టి లివర్ లోపలి బిగింపుని కొంచెం సడలిస్తుంది. పైన చెప్పిన 30 శాతం మీద పనిచేసేది ఇదే. అందుకే ప్రొప్రనొలాల్ కంటే ఎక్కువ దించుతుంది, అందుకే బీపీనీ ఎక్కువ దించుతుంది. ఇంట్లోవాళ్లకి "ఇది ఒంటి బీపీకి కాదు, పొట్ట సిరల బీపీకి" అని చెప్పండి. నిజం కూడా అదే.

మోతాదు 6.25తో మొదలుపెట్టి, తట్టుకుంటే 12.5 వరకు. అంతకంటే పెంచినా పోర్టల్ పీడనానికి లాభం లేదు. పై బీపీ 90 కిందకి దిగి అక్కడే ఉంటే, కిడ్నీ దెబ్బతింటే, రక్తపు వాంతితో షాక్‌లో ఉంటే తగ్గించాలి లేదా ఆపాలి. కూర్చోబెట్టి మాత్రమే కాదు, లేచి నిలబడ్డాక ఒకటి, మూడు నిమిషాలకి కూడా చూడండి. ప్రొప్రనొలాల్‌కి నాడి 55–60 గురి పెట్టుకుంటాం. కార్వెడిలాల్‌లో నాడి కంటే బీపీయే చూడాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మీరు క్రియాటినిన్ 1.1 అని రాసి వదిలేశారు. ల్యాబ్ కాగితంలో అది నార్మలే. సిర్రోసిస్ మనిషికి కండ తగ్గిపోయి ఉంటుంది, క్రియాటినిన్ వచ్చేది కండలోంచే. ఈయన పాత రిపోర్టులో ఎంత ఉంది? మూత్రం ఎంత పోస్తున్నారు?

నాగావళి_ఒడ్డు (రాయగడ, డైటీషియన్):

నీళ్ల సంగతి ముందు. సోడియం 125 కంటే పైన ఉంటే నీళ్లు కట్టడి చేయనక్కర్లేదు. రెండు గ్లాసులకి కుదించడం ఆయనకి శిక్షే. నీరు ఉప్పు వెనకాల వెళ్తుంది. కట్టెయ్యాల్సింది ఉప్పుని.

రోజుకి సోడియం 2 గ్రాములు, అంటే ఉప్పు 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక చిన్న టీ స్పూను. ఇంట్లో ఇది పాటించాలంటే మాటలతో కాదు. పొద్దున్నే ఆయన వాటా ఉప్పు ఒక స్పూను కొలిచి చిన్న డబ్బాలో వేసి ఆయన చేతికే ఇవ్వాలి. కూర ఉప్పు లేకుండా వండి, ఆయన గిన్నెలో ఆ డబ్బాలోంచే చల్లుకోవాలి. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయితే రేపటిదాకా లేదు. మొత్తం ఉప్పు తీసేయడం కూడా తప్పే. తిండి సహించక మనిషి ఇంకా ఎండిపోతాడు.

పఖాల మానక్కర్లేదు. అన్నంలో, తరవాణిలో వేసే ఉప్పు మానాలి. నిమ్మరసం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, వేయించిన జీలకర్ర, కరివేపాకు వేస్తే ఉప్పు లోటు చాలావరకు తెలియదు. ఎండు చేపని మాత్రం ఎన్నిసార్లు కడిగినా ఉప్పు పూర్తిగా పోదు. దాని బదులు పచ్చి చేప తినండి. ఆవకాయ, అప్పడం, వడియాలు, ప్యాకెట్ మిక్చర్, పొడి మసాలా నూడుల్స్ ఈ లెక్కలోకే వస్తాయి.

ఎవరూ లెక్కపెట్టని ఉప్పు ఇంకో రెండు చోట్ల ఉంది. నీరసంగా ఉందని ఎక్కించే సెలైన్ అరలీటరు బాటిల్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు, దాదాపు రోజంతటి వాటా. లీటరు ఓఆర్‌ఎస్‌లో 75 మిల్లీమోల్ సోడియం, అంటే సుమారు 1.7 గ్రాములు, అదీ రోజు వాటాకి దగ్గరే. "నీరసానికి ఒక బాటిల్ పెట్టండి" అన్న అలవాటు ఈ జబ్బులో పొట్ట పెంచుతుంది.

"తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్లు అసలు వద్దు. వాటిలో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. స్పిరొనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతుంది. ఇప్పటికే 5.3 ఉంది, పైన ఇది పడితే గుండె లయ తప్పుతుంది. ఇదే కారణానికి కొబ్బరి బోండాం, అరటిపండు ప్రస్తుతానికి ఆపండి.

మాంసకృత్తులు తగ్గించమని ఎవరైనా చెప్తే నమ్మకండి. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. 58 కిలోల మనిషికి 70 నుంచి 87 గ్రాములు. నీటి బరువు తీసి పొడి బరువుకి లెక్కేస్తే కాస్త తగ్గుతుంది. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప పంచుకుంటూ రోజంతా ఇవ్వాలి. రాత్రి పడుకోబోయే ముందు చోడి జావలో పాలు కలిపి గానీ, అటుకులు పెరుగు గానీ తప్పనిసరి. ఈ లివర్ గ్లైకోజెన్ (దాచుకునే చక్కెర) నిలవ ఉంచుకోలేదు. రాత్రి పది గంటలు కడుపు ఖాళీగా ఉంటే ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నట్టు కండని కరిగించుకుంటుంది. ఉపవాసాలు వద్దు.

గజపతి_సిస్టర్:

నాగావళి మేడమ్, ఉప్పు డబ్బా పద్ధతి ఈరోజే చెప్తాను. విశాఖ డాక్టర్ గారూ, పాత రిపోర్టు తెప్పించి చూశాను. మూడు నెలల కిందట క్రియాటినిన్ 0.6. నిన్నటి మూత్రం కొలిస్తే 450 మి.లీ. బరువు నాలుగు రోజులుగా తగ్గలేదు. జ్వరం లేదు. పొట్ట నొక్కితే కొంచెం నొప్పి అంటున్నారు. మాట స్పష్టంగానే ఉంది, రాత్రి మాత్రం నిద్ర పట్టడం లేదట. మూత్రంలో సోడియం, పొటాషియం కూడా చేయించారు: సోడియం 14, పొటాషియం 38.

లివర్‌వార్డ్_విశాఖ:

సిస్టర్, అయితే ఇది ఇంట్లో ఉంచి మోతాదులు సర్దే కేసు కాదు. 0.6 నుంచి 1.1 అంటే దాదాపు రెట్టింపు. కిడ్నీ దెబ్బ మొదలైనట్టే లెక్క. ఈరోజే చీటీ రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ అంకెలు చదవండి. స్పిరొనోలాక్టోన్, ఫ్యూరోసమైడ్ రెండూ ఆపమంటారు, కార్వెడిలాల్ కూడా ప్రస్తుతానికి ఆపమనవచ్చు. డైక్లోఫెనాక్ మళ్లీ ముట్టకూడదు. ఈరోజే చేర్చాలి.

మీరు చేయించిన మూత్రం పరీక్ష చాలా మంచిది, అందరికీ పనికొస్తుందని వివరిస్తాను. మూత్రంలో సోడియం అంకె పొటాషియం కంటే ఎక్కువుంటే కిడ్నీ రోజుకి సుమారు 78 మిల్లీమోల్ పైన ఉప్పు వదులుతోందని అర్థం. అయినా బరువు తగ్గకపోతే తినేదే ఎక్కువ, ఇంట్లో ఎక్కడో ఉప్పు దాగుంది. ఈయనలా సోడియం తక్కువుంటే ఆల్డోస్టిరోన్ గెలుస్తోంది, మందు చాలడం లేదు. మామూలుగా అయితే మోతాదు పెంచుతాం: 100:40 నిష్పత్తి తప్పకుండా, కనీసం మూడు రోజుల ఎడంతో, గరిష్ఠంగా స్పిరొనోలాక్టోన్ 400, ఫ్యూరోసమైడ్ 160 వరకు. బరువు కాళ్ల వాపున్నవాళ్లకి రోజుకి కిలో, లేనివాళ్లకి అరకిలో మించి తగ్గకూడదు. క్రియాటినిన్ ఎగబాకుతుంటే మాత్రం పెంచకూడదు. ఆ తేడా చూడకపోతే కిడ్నీ పోతుంది.

ఆసుపత్రిలో మొదట జరగాల్సింది పొట్టలోంచి కొంచెం నీరు తీసి పరీక్షకి పంపడం. జ్వరం లేకపోయినా సరే. కొంతమందికి పొట్ట నీటిలో ఇన్ఫెక్షన్ ఏ గోలా లేకుండా కిడ్నీ దెబ్బతోనే బయటపడుతుంది. 10 మి.లీ. మంచం పక్కనే బ్లడ్ కల్చర్ బాటిల్‌లో వేయాలి, ల్యాబ్‌కి పంపి అక్కడ వేస్తే బాక్టీరియా పెరిగే అవకాశం తగ్గుతుంది. న్యూట్రోఫిల్స్ 250 దాటితే ఇన్ఫెక్షనే. యాంటీబయాటిక్‌తోపాటు ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్, సిరలోకి ఎక్కిస్తారు) మొదటి రోజు కిలోకి 1.5 గ్రాములు, మూడో రోజు 1 గ్రాము ఇస్తారు.

ఇన్ఫెక్షన్ లేకపోతే ఆల్బుమిన్ కిలోకి 1 గ్రాము. ఈయనకి 58 గ్రాములు, అంటే 20 శాతం 100 మి.లీ. బాటిళ్లు మూడు. ఇది పౌష్టికం కోసం కాదు, శివారు పొలానికి ధార చేర్చడానికి. అయినా క్రియాటినిన్ దిగకపోతే టెర్లిప్రెసిన్. అది వాసోప్రెసిన్‌కి మనిషి చేసిన తమ్ముడు. వదులైన పేగు నాళాలని బిగించి ఎగువ తూము మూస్తుంది, కిడ్నీకి రక్తం మళ్లుతుంది. అదే బిగింపు వేళ్లకీ, గుండెకీ తగలవచ్చు. ఇచ్చే ముందు ఈసీజీ, ఆక్సిజన్ చూడాలి. ఆక్సిజన్ 90 లోపుంటే ఇవ్వకూడదు. ఇస్తున్నంతసేపు వేలి కొనలు నల్లబడుతున్నాయా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నాయా అని సిస్టర్లే మొదట గమనిస్తారు. ఆల్బుమిన్ ఎక్కువైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

జైపూర్_మందులషాప్:

షాపు వైపు నుంచి రెండు మాటలు. ఫ్యూరోసమైడ్ 20, స్పిరొనోలాక్టోన్ 50 కలిసిన మాత్ర రెండు వేస్తే సరిగ్గా 40:100 అవుతుంది. అది స్టాకు లేదని టార్సిమైడ్ అనే ఇంకో నీటి మందు కలిసిన మాత్ర ఇస్తుంటారు. టార్సిమైడ్ 20 మి.గ్రా. ఫ్యూరోసమైడ్ 40కి దాదాపు సమానం. 40కి 40 అని అంకె చూసి మార్చితే మందు రెట్టింపు. డాక్టర్‌ని అడగకుండా మార్చనివ్వకండి.

రెండోది, నొప్పి మాత్ర. "పారాసెటమాలే ఇచ్చాం" అంటారు, స్ట్రిప్ తిప్పి చూస్తే ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసి ఉంటాయి. నిమెసులైడ్ కలిసినవీ ఉన్నాయి. ఒట్టి పారాసెటమాల్ 500 మాత్ర, ఆరేడు గంటల ఎడంతో రోజుకి నాలుగు మించకుండా, అంటే 2 గ్రాముల లోపు ఈ జబ్బువాళ్లకి నొప్పికి మేలు. లివర్ జబ్బులో పారాసెటమాల్ విషమని భయపడి డైక్లోఫెనాక్ ఇప్పించుకోవడం అసలు పొరపాటు.

బరంపురం_ఫార్మకాలజీ:

రొమ్ము సంగతి మిగిలిపోయింది. ఆయన్ని ఇంకా సిగ్గుపడనివ్వకండి, ఇది జబ్బు లక్షణమే. లివర్ ఆండ్రోజెన్ ముడిసరుకుని సరిగ్గా విరవకపోతే అది కొవ్వులోకి, కండలోకి చేరి ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. టెస్టోస్టిరోన్‌ని పట్టుకునే ప్రోటీన్ పెరిగి, పనిచేసే టెస్టోస్టిరోన్ తగ్గుతుంది. మద్యం వృషణాలని నేరుగా కూడా దెబ్బతీస్తుంది. ఛాతీ వెంట్రుకలు పలచబడటం, అరచేతులు ఎర్రబడటం దీనికి తోడు. ఆపైన స్పిరొనోలాక్టోన్ ఆల్డోస్టిరోన్ తాళంతోపాటు టెస్టోస్టిరోన్ తాళాన్నీ మూసేస్తుంది. రొమ్ము నొప్పి చాలావరకు ఆ మందుదే. తిరిగి నీటి మాత్రలు మొదలుపెట్టేటప్పుడు ఎమిలోరైడ్ అనే నీటి మాత్రకి మార్చమని అడగవచ్చు, రోజుకి 10 నుంచి 40 మి.గ్రా. నీరు లాగడంలో స్పిరొనోలాక్టోన్ కంటే కొంచెం తక్కువే. అదీ పొటాషియం పెంచేదే. ఒక వైపే గట్టి గడ్డ ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

మెడ, భుజాలు, పై ఛాతీ చూడండి. సాలీడులాంటి ఎర్ర చుక్కలు ఉండవచ్చు. మన ఒంటి రంగు మీద కనబడాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. పెన్ను మొనతో మధ్య చుక్కని నొక్కితే కాళ్లన్నీ మాయమవుతాయి, వదలగానే ఎరుపు మధ్య నుంచి బయటికి పాకుతుంది. నాళాలు వదులైపోవడం కంటికి కనిపించే చోటు అదే.

ఇంకొకటి, షుగర్ చూడమంటే హెచ్‌బీఎ1సి (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) ఒక్కటే చేయించకండి. ప్లీహం పెద్దదై ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతే ఆ అంకె అబద్ధంగా తక్కువ చూపిస్తుంది. కొరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్లలో ఇంకా తప్పుతుంది. పరగడుపున బాగుండి, తిన్నాక 250 ఉండటం ఈ లివర్‌లో మామూలే. రెండూ చూడండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్రలు రాత్రిపూట షుగర్‌ని ప్రాణం మీదికి దించగలవు.

గజపతి_సిస్టర్:

డాక్టర్ గారితో మాట్లాడాను. నీటి మాత్రలు రెండూ, కార్వెడిలాల్ ఆపమన్నారు, సాయంత్రం లోపు బరంపురం తీసుకురమ్మన్నారు. పొట్ట బిగువుగా ఉంది, ఇక్కడే కాస్త నీరు తీసి పంపమని ఇంట్లోవాళ్లు బతిమాలుతున్నారు. దారిలో రక్తపు వాంతి అయితే ఏం చేయాలో కూడా చెప్పండి.

లివర్‌వార్డ్_విశాఖ:

ఇక్కడ తీయకండి. ఎక్కువ నీరు ఒక్కసారి తీస్తే పేగు నాళాలు ఇంకా తెరుచుకుని రెనిన్ ఎగబాకుతుంది, ఉన్న కిడ్నీ కాస్తా పోతుంది. 5 లీటర్లు మించి తీస్తే తీసిన ప్రతి లీటరుకి 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఇవ్వాలి. 6 లీటర్లు తీస్తే 48 గ్రాముల దాకా, అంటే రెండున్నర బాటిళ్లు. ఈయన కిడ్నీ ఉన్న స్థితిలో అంతకంటే తక్కువ తీసినా ఆల్బుమిన్ చేతిలో ఉండాలి. ఊపిరి ఆడకపోతే వీపు వెనక దిండ్లు పెట్టి సగం కూర్చోబెట్టండి. పడుకుంటే బాగుండి కూర్చుంటే ఆక్సిజన్ తగ్గుతోందా అని ఒకసారి చూసి రాసి పంపండి. అలా తగ్గితే ఊపిరితిత్తుల నాళాలు కూడా వదులయ్యాయేమో అక్కడ చూస్తారు.

రక్తపు వాంతి, తారులాంటి విరేచనం ఏదైనా కనిపిస్తే దగ్గరున్న సీహెచ్‌సీలో (ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రంలో) ఆపండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, రెండు చేతులకీ పెద్ద సూదులు. ఆక్ట్రియోటైడ్ ఉంటే 50 మైక్రోగ్రాములు ఒక్కసారి, తర్వాత గంటకి 50 చొప్పున. అది గ్లూకగాన్‌ని అణచి పేగు నాళాలని బిగిస్తుంది. ఎండోస్కోపీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు, అనుమానం రాగానే మొదలుపెట్టాలి. సెఫ్‌ట్రియాక్సోన్ 1 గ్రాము సిరలోకి. బీపీ నిలబడేంత ద్రవమే, పై అంకె 90 చుట్టుపక్కల చాలు. బాటిల్ మీద బాటిల్ ఎక్కిస్తే పోర్టల్ పీడనం పెరిగి ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. రక్తం ఎక్కించినా హీమోగ్లోబిన్ 7, 8 మధ్య ఆపుతాం, 10కి తీసుకెళ్లం. ఎండోస్కోపీతో ఉబ్బు సిరలకి బ్యాండ్ వేయడం 12 గంటల లోపు జరగాలి కాబట్టి అక్కడికి ముందే ఫోన్ చేసి ఉంచండి.

సంచిలో ఇవి పెట్టండి: మూడు నెలల కిందటి క్రియాటినిన్ రిపోర్టు, నిన్నటి మూత్రం కొలత, నాలుగు రోజుల బరువులు, డైక్లోఫెనాక్ పడిన తేదీలు, ఇంట్లో వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ. మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో "క్రియాటినిన్ 0.6 నుంచి 1.1" అని రాయండి. లేకపోతే క్యాజువాలిటీలో 1.1 చూసి నార్మల్ అని పక్కన పెడతారు.